మహాగని నునుపు: రంధ్రాలు నింపిన చేతుల చరిత్ర

గృహోపకరణాల చరిత్రను రాసినవారు సాధారణంగా వాటి ఆకృతిని, వాటిపై చెక్కడపు పనిని, వాటిని చేయించుకున్న కుటుంబాల హోదాను వివరంగా చర్చిస్తారేగాని, వాటి పైపొర ఎలా నునుపుదేరిందో, ఆ నునుపు కోసం ఏయే పదార్థాలు ఎవరి చేతుల మీదుగా, ఎవరి ఊపిరి మీదుగా వెళ్లాయో అంతగా పట్టించుకోలేదు. మెరుగుపెట్టడం వడ్రంగంలో చివరి పని కావడం, చేసినవారి జాడ కనపడకుండా ఉండడమే ఆ పనికి గీటురాయి కావడం ఈ ఉపేక్షకు కారణాలు. 18వ శతాబ్దం నుంచి ఐరోపా, అమెరికా సంపన్న గృహాలను ఏలిన మహాగని కలపను ఉదాహరణగా తీసుకుంటే, మెరుగు చరిత్ర, ఆ పనివారి ఆరోగ్య చరిత్ర ఒకటేనని స్పష్టమవుతుంది. ఏ కాలంలో కొయ్యను ఎలా నున్నగా చేశారన్న ప్రశ్నకు, ఆ పనిలో పుట్టిన పొడి ఎక్కడికి చేరిందన్న ప్రశ్నకు ఒకే సమాధానం దొరుకుతుంది.

ఈ విషయం బోధపడాలంటే ముందు కలప నిర్మాణం కొంత తెలియాలి. వెడల్పాటి ఆకులుగల చెట్ల కాండంలో, వేళ్లు పీల్చిన నీటిని పైకి చేర్చే సన్నని గొట్టాలుంటాయి. వీటిని వృక్షశాస్త్రంలో దారునాళాలంటారు. మానును అడ్డంగా కోస్తే ఇవి రంధ్రాలుగానూ, నిలువుగా పలకలు కోస్తే సన్నని గాడులుగానూ కనిపిస్తాయి. టేకు, ఓక్ వంటి కలపల్లో ప్రతి వార్షిక వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు బారుగా తీరి ఉంటాయి. మహాగనిలో అవి చెక్క అంతటా చెదిరి ఉంటాయి, ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు వెడల్పు ఉండి కంటికి ఆనుతుంది. ఇలాంటి కలపను ఎంత చిత్రిక పట్టినా ఈ గాడులు తెరుచుకునే ఉంటాయి, పూసిన నూనె గాని వార్నీషు గాని వాటిలోకి ఇంకిపోతుంది, దానితో వెలుగు చెదిరి అద్దంలాంటి మెరుపు రాదు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర రంధ్రాలు సన్ననివి గనుక, తరిమెన మీద తిరిగే బొమ్మకు లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి నేరుగా పట్టుకుంటుంది. రంధ్రాలు పెద్దవైన కలపకు ఆ సౌలభ్యం లేదు. ముందు రంధ్రాలను పూడ్చాలి, తరువాతే మెరుగు. మహాగని మెరుగు చరిత్ర ప్రధానంగా ఈ పూడిక చరిత్రే.

చెట్టు, అడవి, గొడ్డలి

మహాగని వేప కుటుంబానికి చెందిన చెట్టు. దాని ప్రజాతికి 1760లో యాకిన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, ఆస్ట్రియా రాణి మరియా థెరిసా ఆస్థాన వైద్యుడైన వాన్ స్వీటెన్ గౌరవార్థం స్వీటీనియా అని పేరు పెట్టాడు. ఈ పేరుకు తెలుగు నేలతో ఒక సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉండి ఇక్కడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, ఉత్తర సర్కారుల అడవుల్లోని సోమిద చెట్టును మహాగనికి సోదర జాతిగా భావించి స్వీటీనియా ప్రజాతిలోనే చేర్చి, దాని చేదు బెరడు జ్వరానికి సింకోనా బదులు పనికివస్తుందని సూచించాడు. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసి, తెలుగు పేరునే ప్రజాతి నామంగా నిలిపారు. నేడు ప్రపంచ విపణిలో ఎక్కువగా కనిపించే పెద్దాకు మహాగనిని శాస్త్రీయంగా వర్ణించినదీ భారతదేశపు చెట్లను చూసే: కలకత్తా వృక్షశాస్త్రోద్యానం అధిపతి జార్జ్ కింగ్, అక్కడ పెంచిన చెట్ల ఆధారంగా 1886లో ఆ జాతికి పేరు పెట్టాడు.

మహాగనిని వ్యాపార సరుకుగా మార్చింది పన్నుల విధానం. 1721లో బ్రిటిష్ పార్లమెంటు నౌకానిర్మాణ సామగ్రి కోసం చేసిన చట్టం, అమెరికా ఖండంలోని బ్రిటిష్ వలసల నుంచి వచ్చే కలపపై దిగుమతి సుంకాన్ని తొలగించడంతో, అంతవరకు వాల్‌నట్ కలపకు అలవాటుపడిన లండన్ పనివారు క్రమంగా జమైకా మహాగనికి మళ్లారు. పలకలు వెడల్పుగా దొరకడం, ఎండినా అంతగా వంకరపోకపోవడం, పురుగు పట్టకపోవడం, సన్నని చెక్కడానికి లొంగడం దాని గుణాలు. 1754లో థామస్ చిపెన్‌డేల్ తన నమూనాల గ్రంథాన్ని ప్రచురించే నాటికి ఇంగ్లండులో నాణ్యమైన కుర్చీ అంటే మహాగని కుర్చీ అన్న స్థితి ఏర్పడింది.

ఈ కలప విషయంలో పనివారి భద్రత అన్న ప్రశ్న కార్ఖానాలో గాక అడవిలోనే మొదలవుతుంది. జమైకా అడవులు తరిగిపోయాక హోండురాస్ అఖాతపు తీరం, అంటే నేటి బెలీజ్, ప్రధాన వనరుగా మారింది. అక్కడ చెట్లు నరికింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. చెట్లు వెతికే పనిలో ఆరితేరిన ఒకడు అడవిలో ఎత్తైన చెట్టెక్కి, ఆగస్టు నెలలో మహాగని ఆకుల్లో వచ్చే రంగు మార్పును బట్టి దూరం నుంచే చెట్లను గుర్తించేవాడు. మాను మొదట్లో గోడల్లా విస్తరించిన వేళ్ల పొంగును తప్పించడానికి, నేల నుంచి పది పన్నెండు అడుగుల ఎత్తున మంచె కట్టి, దానిమీద నిలబడి గొడ్డలి వేసేవారు. ఏప్రిల్, మే నెలల్లో నేల గట్టిపడ్డాక, పగటి ఎండకు ఎద్దులు తాళలేవని రాత్రిపూట దివిటీల వెలుగులో దుంగలను ఏటి ఒడ్డుకు లాగించి, జూన్‌లో వరద రాగానే నీటిలోకి వదిలేవారు. పశువుల కోసం పని వేళ మార్చిన ఈ వ్యవస్థలో మనుషుల కోసం అలాంటి మార్పేదీ జరగలేదు. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం చట్టరీత్యా 1834లో రద్దయి, నిర్బంధ శిక్షణ పేరిట మరికొన్నేళ్లు సాగి, 1838లో ముగిసింది.

ఇటుక పొడి, అవిసె నూనె

లండన్ చేరిన మహాగనికి తొలినాళ్లలో పెట్టిన మెరుగు సాధారణ పదార్థాలతోనే జరిగేది: అవిసె నూనె, తేనె మైనం, అక్కడక్కడ స్పిరిట్ వార్నీషు. చిత్రిక పట్టిన పలకను పదునైన ఉక్కు రేకుతో గీకి, సొరజాతి చేప చర్మంతోనో, ఇసుక రవ్వలు సహజంగా ఉండే హార్స్‌టెయిల్ అనే రెల్లులాంటి మొక్క కాడలతోనో రుద్దేవారు. ఉక్కు రేకు చెక్కను పొడి చేయదు, అతి సన్నని పొరలుగా లేపుతుంది. అవి చుట్టలు చుట్టుకుని నేలమీద పడతాయేగాని గాలిలో తేలవు. నాటి పనివారు ఆరోగ్యాన్ని తలచి ఈ పద్ధతిని ఎంచుకోలేదు, వారికి మరో సాధనం లేదు. అయినా ఫలితం వారికి మేలే చేసింది.

ఆ కాలపు మెరుగు విధానాన్ని అత్యంత స్పష్టంగా నమోదు చేసినవాడు థామస్ షెరటన్. 1803లో వెలువడిన తన గృహోపకరణాల నిఘంటువులో అతడు చెప్పిన క్రమం ఇది. ముందుగా పలకకు అవిసె నూనె పట్టించాలి. కొయ్యకు ఎర్రదనం కావాలంటే ఆ నూనెలో ఆల్కానెట్ అనే మొక్క వేరును నానబెట్టాలి. గట్టి కొయ్య అయితే నూనెను వారం రోజులు అలాగే ఉంచాలి, మెత్తనిదైతే రెండు రోజులు చాలు. తరువాత ఇటుక పొడిని పలుచని మేజోడులో పోసి జల్లించి పలకమీద దట్టంగా చల్లి, గుడ్డతో రుద్దుతూ పోవాలి. కొంతసేపటికి నూనె, ఇటుక పొడి కలిసి గుడ్డ కింద లప్పంలా ముద్ద కడతాయి; ఆ ముద్దను గుడ్డ కిందనుంచి జారిపోనీయకుండా రుద్దడంలోనే నేర్పంతా ఉంది. మధ్యలో కొత్త పొడి చల్లితే దాని గరుకు రవ్వలు అప్పటికే వచ్చిన నునుపును గీరి పాడుచేస్తాయి గనుక, కావలసినంత పొడి మొదటే వేసుకోవాలి. చివరకు గోధుమ తవుడుతో తుడిచి నూనె జిడ్డు తీసేయాలి.

ఈ విధానంలో ఇటుక పొడి రెండు పనులు చేస్తుంది. మొదట కొయ్యను అరగదీస్తుంది. అరిగిన కొయ్య పొడితో, నూనెతో కలిసి ఎర్రని ముద్దగా మారి, రంధ్రాల్లోకి చొచ్చుకుపోయి అక్కడే గట్టిపడుతుంది. పూడికకు కావలసిన పదార్థంలో కొంత ఆ పలకనుంచే పుడుతుంది, రంగు కూడా దానికదే కలుస్తుంది. నునుపు చేసేటప్పుడు పుట్టిన పొడికి వెళ్లేందుకు రెండు చోట్లే ఉన్నాయి: కొయ్య రంధ్రం, లేదా మనిషి ముక్కు. షెరటన్ వర్ణించిన పద్ధతిలో నూనె తడి వల్ల పొడి దాదాపు మొత్తం మొదటిచోటికే చేరింది. ఇటుక పొడిని జల్లించే సమయంలో లేచే ధూళిలో ఇసుకకు మూలమైన సిలికా ఉంటుంది గనుక ఆ పని పూర్తిగా నిరపాయమైనదని చెప్పలేం. అయితే అది కాసేపటి పని, రుద్దడం గంటల తరబడి సాగే పని.

అవిసె నూనెతో మరో ప్రమాదం ముడిపడి ఉంది. ఈ నూనె ఆరడమంటే నీటిలా ఆవిరైపోవడం కాదు, గాలిలోని ఆమ్లజనితో కలిసి గట్టిపడడం. ఆ రసాయన చర్యలో వేడి పుడుతుంది. పలకమీద పలుచగా పరచుకున్న నూనెలో పుట్టిన వేడి గాలికి చెదిరిపోతుంది. నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి లోపలే పోగుపడి, నిప్పు తగలకుండానే గుడ్డలు అంటుకుంటాయి. 1991 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో గోడల చెక్క పలకలకు మెరుగుపెట్టే పనిలో వాడిన ఇలాంటి గుడ్డలే 22వ అంతస్తులో అంటుకుని, ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది మరణానికి కారణమయ్యాయి. గుడ్డలను విప్పి ఆరుబయట పరచి ఆరనివ్వడం, లేదా నీరు పోసిన మూత గల ఇనుప డబ్బాలో వేయడం ఈ ప్రమాదానికి విరుగుడు.

లక్క ప్రవేశం

19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకు వచ్చిన కొత్త పద్ధతి పాత విధానాన్ని కొద్దికాలంలోనే వెనక్కినెట్టింది. నేటికీ తెలుగునాట ఫ్రెంచి పాలిష్ అని పిలిచేది దీనినే. స్పిరిట్‌లో కరిగించిన లక్కను, లోపల ఉన్ని లేదా దూది, పైన మెత్తని నూలుగుడ్డ ఉన్న చిన్న ఉండతో, ఒక్కో చుక్క అవిసె నూనె జారుడు కోసం తాకిస్తూ, వలయాలుగా, ఎనిమిది అంకె ఆకారంగా పదేపదే రుద్దుతారు. ఒక్కో పూత కంటికి కనపడనంత పలుచన. ఒకదానిమీద ఒకటి పదులకొద్దీ పేర్చాక లోతైన మెరుపు వస్తుంది. రంధ్రాలు పూడ్చడానికి ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వత శిల పొడిని ఉండ మీద చల్లుకునేవారు. లక్క తడిలో ఆ పొడి కొయ్యను కొద్దిగా కొరికి, ఆ కొరికిన పొడితో సహా రంధ్రాల్లో దిగబడేది. పదార్థం మారినా ఇక్కడివరకు సూత్రం షెరటన్ నాటిదే.

ఈ మెరుపుకు మూలపదార్థం భారతదేశపు అడవులది. మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల లేత కొమ్మలమీద లక్క పురుగులు రసం పీల్చుతూ, తమ చుట్టూ రాల్చుకునే జిగురు గూడే లక్క. కొమ్మలనుంచి గీకి తీసిన దానిని కొమ్మలక్క అంటారు. దానిని దంచి, ఎర్ర రంగు పోయేదాకా నీటిలో కడిగితే లక్కదానా అవుతుంది. మీర్జాపూర్, ఛోటానాగపూర్ ప్రాంతాల కార్ఖానాల్లో ఈ దానాను పొడవాటి గుడ్డ సంచిలో నింపి, బొగ్గుల పొయ్యి ముందు ఒకరు పట్టుకోగా మరొకరు మెలితిప్పేవారు. వేడికి కరిగి గుడ్డలోంచి ఊరిన లక్కను ఒక గుండ్రని గొట్టం మీద పరచి తీసి, అది వేడిగా ఉండగానే ఒక కార్మికుడు చేతులతో, కాళ్లతో, పళ్లతో నాలుగువైపులా లాగి పారదర్శకమైన పలుచని రేకుగా సాగదీసేవాడు. ఆ రేకును విరగ్గొట్టి కలకత్తా ద్వారా ఎగుమతి చేసేవారు. వ్యాపారులు దానిని చపడా లక్క అనేవారు. కృత్రిమ రంగులు వచ్చి లక్క రంగుకు గిరాకీ పోయినా, ఫ్రెంచి పాలిష్, ఆపై గ్రామఫోన్ రికార్డుల పుణ్యమా అని లక్క వ్యాపారం నిలిచింది. 1924లో రాంచీ దగ్గర నామ్‌కుంలో లక్క పరిశోధన సంస్థ వెలిసింది. లండన్ భోజనశాలలోని మహాగని బల్ల మెరుపులో, హోండురాస్ బానిస చెమటతోపాటు భారతీయ కార్మికుడి కాలిన పెదవులకూ వాటా ఉందనడం అతిశయోక్తి కాదు.

లక్కను కొయ్యపనికి వాడడం తెలుగువారికి ఫ్రెంచి పాలిష్ నేర్పిన విద్య కాదు. ఏటికొప్పాక తరిమెన పని అందుకు ఒక సాక్ష్యమైతే, 18వ శతాబ్దంలో కంపెనీ ఉద్యోగుల కోసం విశాఖపట్నంలో తయారైన దంతపు పొదుగు పని మరొకటి. ఇరుగుడు వంటి ముదురు రంగు కలపకే వన్నె తెచ్చేలా, దంతపు రేకుల మీద తీగలు, పూలు, భవనాలు సన్నని గీతలుగా చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్కను నింపి తుడిచేవారు. గాడిని నింపి, మిగిలినదాన్ని తుడిచివేసి, ఉపరితలాన్ని సమం చేయడమన్న ఒకే మెళకువ లండన్‌లో కొయ్య రంధ్రాన్ని దాచడానికి, విశాఖలో గీతను చూపడానికి ఉపయోగపడింది.

వేగం తెచ్చిన విషాలు

విక్టోరియా రాణి కాలంలో మధ్యతరగతి విస్తరించి గిరాకీ పెరగడంతో, ప్యూమిస్‌తో రోజుల తరబడి రుద్దే ఓపిక కార్ఖానాలకు లేకపోయింది. దాని స్థానంలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వచ్చింది. తడిగుడ్డతో ఆ పొడిని అద్ది, గాడులకు అడ్డంగా రుద్దితే నిమిషాల్లో రంధ్రాలు పూడుకునేవి. తెలుపు కనపడకుండా ఎర్ర రంగు పొడి కలిపి, ఆరాక అవిసె నూనె పూస్తే ప్లాస్టర్ పారదర్శకమై కొయ్యలో కలిసిపోయేది. ఈ తొందరపాటు ఫలితం కొన్ని దశాబ్దాల తరువాత బయటపడింది: నూనె పట్టు తగ్గినకొద్దీ ప్లాస్టర్ తిరిగి తెల్లబడి, మహాగని నిండా తెల్లని చుక్కలు తేలాయి. పాత ఉపకరణాలను బాగుచేసేవారు ఈ తెల్ల చుక్కలను బట్టే ఆ కాలపు పనిని ఇప్పటికీ గుర్తుపడతారు.

కొత్త కొయ్యను పాతదానిలా నల్లబరచడానికి వాడిన పొటాషియం డైక్రోమేట్ ఇంతకంటే ప్రమాదకరం. నారింజ రంగు స్ఫటికాలైన ఈ లవణాన్ని నీటిలో కరిగించి పూస్తే, మహాగనిలోని టానిన్ల వంటి సహజ పదార్థాలతో కలిసి చెక్క లోలోపలిదాకా ముదురు రంగు తిరుగుతుంది. ఇందులోని క్రోమియం రూపం చర్మంపై మానని పుండ్లు పుట్టిస్తుంది, ముక్కు లోపలి అడ్డుగోడకు చిల్లు పెట్టగలదు, క్యాన్సర్ కారకమని తరువాత తేలింది. లక్కను కరిగించే స్పిరిట్‌లోనూ మార్పు వచ్చింది. తాగే సారాయిపై ఉన్న భారీ సుంకం పరిశ్రమలకు తగలకుండా, 1855లో బ్రిటిష్ ప్రభుత్వం కొయ్య నుంచి బట్టీపట్టిన నాఫ్తాను కలిపిన స్పిరిట్‌ను సుంకం లేకుండా అనుమతించింది; తాగడానికి పనికిరాకుండా చేసే ఆ కల్తీలోని మిథనాల్ కంటినరాన్ని దెబ్బతీసే విషం. ఎండిన లక్క మాత్రల పైపూతకు కూడా వాడేటంత నిరపాయమైనది. ప్రమాదమంతా దానిని మోసుకొచ్చే ద్రావకంలోనే ఉంది.

అమెరికాలో 1870ల నుంచి, మెత్తగా నూరిన స్ఫటిక శిల పొడిని నూనెలో కలిపి డబ్బాల్లో అమ్మే పూడిక ముద్దలు వచ్చాయి. ఆ రవ్వల అంచులు పదునైనవి గనుక అవి రంధ్రాల్లో గట్టిగా పట్టుకునేవి. ముద్దగా ఉన్నంతవరకు దానితో పెద్ద చిక్కు లేదు, ఆరాక దానిని రుద్ది సమం చేసేటప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్ వ్యాధికి మూలం. 1920లలో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన పేలుడు పదార్థపు ముడిసరుకుకు కొత్త వాడకంగా, నైట్రోసెల్యులోజ్ లక్కరు వచ్చింది. తుపాకీలాంటి పిచికారీతో గంటలో పని ముగించే ఈ పూత మోటారు కార్ల నుంచి గృహోపకరణాలకు పాకి, చేతి ఉండతో చేసే ఫ్రెంచి పాలిష్‌ను కార్ఖానాల నుంచి తరిమివేసింది. దానితోపాటు ఇట్టే అంటుకునే ఆవిర్లూ కార్ఖానా గదుల్లోకి వచ్చాయి.

పొడి దారి తప్పిన కాలం

ఈ మార్పులన్నిటిలో అతి సామాన్యంగా కనిపించిన వస్తువే అత్యంత దూరగామి ప్రభావం చూపింది. అది గరుకు కాగితం. 1833లో లండన్‌లో జాన్ ఓకీ గాజుపొడి అంటించిన కాగితాన్ని తయారుచేయడం ప్రారంభించాక, చేప చర్మం, రెల్లు కాడలు మూలపడ్డాయి. ఆ శతాబ్దాంతానికి అదే కాగితాన్ని డ్రమ్ములకు, తిరిగే పట్టీలకు చుట్టి యంత్రాలతో తిప్పడం మొదలైంది. పొడిగా, వేగంగా రుద్దడం వల్ల చెక్క అంతకుముందెన్నడూ లేనంత సన్నని ధూళిగా మారింది. ఆ ధూళిలో పెద్ద రవ్వలు నేలరాలతాయి, మధ్యరకానివి ముక్కులో చిక్కుకుంటాయి, మిల్లీమీటరులో నూరోవంతుకన్నా చిన్నవి గంటలకొద్దీ గాలిలో తేలుతాయి. షెరటన్ కాలంలో రంధ్రాల్లోకి పోయిన పొడి ఇప్పుడు గాలిలోకి లేచింది. రంధ్రాలు నింపే పదార్థాన్ని డబ్బాల్లో కొనుక్కోవలసి వచ్చింది.

దాని పర్యవసానం తెలియడానికి దశాబ్దాలు పట్టింది. ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్ జిల్లాలోని హై వికోంబ్ కుర్చీల తయారీకి తరతరాలుగా పేరుపడ్డ పట్టణం. చుట్టూ ఉన్న బీచ్ అడవులతో మొదలైన ఆ పరిశ్రమ క్రమంగా ఓక్, మహాగని, వాల్‌నట్ కలపలకూ విస్తరించింది. 1960లలో అక్కడి చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్, మామూలుగా అత్యంత అరుదైన ముక్కు కుహరపు అడినోకార్సినోమా అనే క్యాన్సర్ తన రోగుల్లో పదేపదే కనిపించడాన్ని, వారిలో ఎక్కువమంది కొయ్యపనివారే కావడాన్ని గమనించింది. ఆక్స్‌ఫర్డ్ వైద్యులు రొనాల్డ్ మాక్‌బెత్, డొనాల్డ్ ఆచిసన్ ఆమెతో కలిసి చేసిన పరిశీలన 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. కుర్చీలు, బీరువాలు చేసే పనివారిలో ఈ వ్యాధి ఏటా వెయ్యిమందికి సుమారు 0.7 చొప్పున వస్తోందని, సాధారణ జనాభాతో పోలిస్తే ఇది వందల రెట్లు ఎక్కువని తేలింది. వ్యాధి బారినపడ్డవారు ప్రధానంగా యంత్రాల దగ్గర, అమరిక బల్లల దగ్గర పొడిలో పనిచేసినవారు కావడంతో, అనుమానం వార్నీషుల మీదనుంచి కొయ్య ధూళి మీదికి మళ్లింది. పని మొదలుపెట్టినప్పటినుంచి వ్యాధి బయటపడేవరకు సగటున నాలుగు దశాబ్దాలు గడవడమే ఇంతకాలం దాని మూలం ఎవరికీ తట్టకపోవడానికి ముఖ్య కారణం.

బ్రిటన్ 1969లో దీనిని వృత్తి సంబంధ వ్యాధిగా గుర్తించి పరిహారానికి అర్హత కల్పించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కొయ్య ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. బలమైన సాక్ష్యం ఉన్నది బీచ్, ఓక్ ధూళి విషయంలోనే. అయితే పనిచోట్లలో కలపలు కలగలిసి ఉంటాయి గనుక నియమాలు గట్టి కలపలన్నిటికీ వర్తించాయి. 1999లో ఘనమీటరు గాలికి 5 మిల్లీగ్రాములని యూరోపియన్ యూనియన్ విధించిన హద్దు, 2023 నాటికి 2 మిల్లీగ్రాములకు దిగింది. మహాగని ధూళి కొందరిలో చర్మంపై దద్దుర్లు, కళ్లు, ముక్కు మంట కలిగిస్తుంది. టేకులోని లాపకాల్ జాతి పదార్థాలు, ఇరుగుడు కుటుంబపు కలపల్లోని డాల్బర్జియోన్లు అంతకంటే తీవ్రమైన అలర్జీని రేపగలవు. చీడకు లొంగకుండా చెట్టు తన చేవలో దాచుకున్న రసాయనాలే కలపకు మన్నికను, పనివాడికి బాధను ఇస్తాయి.

తెలుగునాట నేటి స్థితి

అతిగా నరికివేత వల్ల పెద్దాకు మహాగనికి 2003 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ అమలవుతోంది. ఇదే కాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులు కొందరు పొలాల్లో, గట్లమీద మహాగని మొక్కలు పెంచడం మొదలుపెట్టారు. ఇక్కడి ఇళ్లలో గుమ్మాలకు, మంచాలకు ఇప్పటికీ టేకుదే పెద్దపీట. అదీ రంధ్రాలు పెద్దవైన కలపే గనుక, లప్పం పెట్టి, పేపరు పట్టి, ఆపై పాలిష్ వేసే క్రమం మహాగనిదే. చపడా లక్క స్థానంలో వచ్చిన మెలమైన్ పూతలు ఆరేటప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరి వదులుతాయి. రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ (పాలీయురేథేన్) పాలిష్‌లో గట్టిపరిచేందుకు ఉండే ఐసోసయనేట్లు ఉబ్బసానికి దారితీయగలవు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ముతక పొట్టును ఆపుతుందేగాని ఈ ఆవిర్లను గాని, సన్నని ధూళిని గాని ఆపలేదు.

ధూళిని అది పుట్టినచోటే పీల్చివేసే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ నిర్దేశించింది. అయితే ఆ చట్టం విద్యుత్తు వాడితే పదిమంది, వాడకపోతే ఇరవైమంది పనివారున్న చోట్లకు ఉద్దేశించినది కావడం వల్ల, ఇద్దరు ముగ్గురితో నడిచే వడ్రంగి దుకాణాలు, ఇంటిదగ్గరకే వచ్చి చేసే పాలిష్ పని దాని పరిధిలోకి రాలేదు. హై వికోంబ్‌లో ఈ వ్యాధి బయటపడిందంటే ఒకే పట్టణంలో వేలమంది ఒకే పని చేయడం, వారందరూ ఒకే ఆసుపత్రికి రావడం వల్లనే. ఊరూరా చెదిరి, నాలుగు చోట్ల పనులు మారే కార్మికుల విషయంలో నలభై ఏళ్ల తరువాత వచ్చే జబ్బును పాత పనితో ముడిపెట్టే వైద్య వ్యవస్థ ఉండదు, కాబట్టి లెక్కల్లో కనపడకపోవడాన్ని జబ్బు లేకపోవడంగా భావించరాదు.

మహాగని మెరుగు చరిత్ర నుంచి తీసుకోదగిన నిర్ధారణ దీనిని బట్టి తేటపడుతుంది. భద్రత ఈ వృత్తికి బయటినుంచి వచ్చి చేరిన ఆధునిక నియమం కాదు. పొడి ఎక్కడికి పోవాలన్న నిర్ణయం ప్రతి పద్ధతిలోనూ మొదటినుంచీ ఇమిడే ఉంది, వేగం కోసం పద్ధతి మారినప్పుడల్లా ఆ నిర్ణయం కార్మికుడికి తెలియకుండానే మారిపోయింది. ఉక్కు రేకుతో గీకడం, నూనె తడిపై సన్నని తడి కాగితం పట్టి ఆ ముద్దతోనే రంధ్రాలు పూడ్చడం, స్పిరిట్ లక్కను గాలి ఆడేచోట పలుచగా వేయడం వంటి పాత మెళకువలు నేటికీ సాధ్యమే. యంత్రం తప్పనిసరి అయినచోట పీల్చుడు గొట్టం, తగిన మాస్కు కూడా లప్పం, లక్కల్లాగే సామగ్రి జాబితాలోకి, దాని ఖరీదు కూలి లెక్కలోకి రావాలి. షెరటన్ తన పనివారికి నూనె ఎన్ని రోజులు నానాలో, పొడి ఎంత వేయాలో అంత వివరంగా చెప్పగలిగాడంటే అవి మెరుపు ఖరీదులో భాగమని అతడు ఎరిగినందువల్లనే. ఊపిరి కూడా అదే లెక్కలోదని గుర్తించడం తరువాతి తరాల పని, ఆ పని చిన్న దుకాణాల దాకా ఇంకా రాలేదు.